ఇంకో ఎనిమిది జీబీ

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లోంచి లారీ చప్పుడు వినపడుతూనే ఉండేది. పొద్దున అమ్మ టీ పెట్టే వేళకి మొదలయ్యేది. నాకు పనుందని అడిగితే మధ్యాహ్నం ఆగేది. వాకిట్లో ఎండ తగ్గాక మళ్ళీ స్టార్టయ్యేది. గురజాలలో మా వీధివాళ్ళకి మొదట్లో అర్థం కాలేదు. "మీరావలి మామ మళ్ళా బండెక్కాడా ఏంది?" అని అమ్మని అడిగిన వాళ్ళూ ఉన్నారు.

నాయన బండెక్కలేదు. ఎక్కే కాలు లేదు. చలికాలం చివర్లో గుంటూరులో కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. షుగరు. చెప్పులోంచి మేకు దిగి, అరికాలు పుండు పడి, చీము పట్టినా ఆయనకి నొప్పి తెలియలేదు. ఆ కాలితోనే వెంకట్రామయ్య గారి లారీలో మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డుకి తోలుతూనే ఉన్నాడు. జ్వరంతో స్టీరింగు మీద తల వాల్చేస్తే క్లీనరు ఫోన్ చేశాడు.

ఆస్పత్రి నించి ఇంటికొచ్చాక నాయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, మందులిస్తే వేసుకునేవాడు, మాట్లాడితే "ఊఁ" అనేవాడు. పెళ్ళయిన కాణ్ణించీ మొగుడు ఇంటిపట్టున ఉంటే బాగుండునని కోరుకున్న అమ్మకి, ఆ కోరిక ఇట్లా తీరింది. ఆమె వంటింట్లోంచి తొంగి చూసి, ఆ వీపు చూసి, మళ్ళీ లోపలికి పోయేది.

ఆ లారీ ఆట ఆయనకి పెట్టిచ్చింది నేనే. నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. పిడుగురాళ్ళలో ఒక స్టూడియో వాళ్ళు షూట్ చేసి పంపిస్తారు, నేను ఇంట్లోనే కూర్చుని పాటలు కలిపి, మంచి ముక్కలు ఏరి, వాళ్ళకి తిరిగి ఇస్తాను. ఆ పనికి మామూలు లాప్‌టాప్ చాలదు. అందుకని కాలేజీలో మా సీనియర్ అమ్ముతుంటే ఒక గేమింగ్ లాప్‌టాప్ కొనుక్కున్నాను. ఇటుకంత బరువు, కీల కింద ఎర్ర లైట్లు. దాంట్లో నేనెప్పుడూ ఏ ఆటా ఆడలేదు. ఒక రోజు ఆ గోడ వైపు తిరిగిన వీపుని చూడలేక, లారీ నడిపే ఆట ఒకటి నెట్‌లోంచి దించి, ఆయన మంచం పక్కన స్టూలు వేసి దాని మీద పెట్టాను.

నాయన కాసేపు చూశాడు. "క్లచ్ యాడుంది?" అన్నాడు.

"దీంట్లో క్లచ్ లేదు నాయనా. బాణాల గుర్తులున్నయ్ చూడు, వాటితోనే."

"క్లచ్ లేకుండా లారీ ఏంది?" అన్నాడు చిరాగ్గా. కానీ లేచి కూర్చున్నాడు.

నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాడు. వేళ్ళు కీల మీద ఉన్నా ఒళ్ళంతా క్యాబిన్లో ఉన్నట్టే ఉండేది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఎడమ పాదం నేలని నొక్కేది. ఎదురుగా బస్సు వస్తే, బ్రేకు కోసం, కట్టు కట్టిన కుడికాలి మొండి ముందుకు జరిగేది. జరిగి, గాల్లో ఆగేది. అది చూసినప్పుడు నేను లేచి వాకిట్లోకి పోయేదాన్ని.

ముందు ఏవో తెల్లవాళ్ళ దేశాల రోడ్లు నడిపాడు. "రోడ్డు మీద ఒక్క గేదె కూడా అడ్డం రాదే," అని విసుక్కున్నాడు. తర్వాత ఫోనులో వీడియోలు చూస్తుంటే, ఎవరో మనవైపు కుర్రాళ్ళు మన రోడ్లతోనే మ్యాపు తయారు చేసి పెట్టారని ఆయనకే దొరికింది. దాంట్లో తెలుగు బోర్డులు. మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల. అక్కణ్ణించి నల్లమల ఘాట్ ఎక్కి ఆత్మకూరు. నాయన నాపరాళ్ళ లోడు వేసుకుని ఏళ్ళ తరబడి తిరిగిన రోడ్డు అదే. చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా హఫ్సా, ఇది పెట్టియ్యి."

పెట్టిచ్చాను. మాచర్ల నించి బయల్దేరాడు. దోర్నాల దాటాడు. అడివి మొదలైంది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. ఇంజను చప్పుడు ఒకే స్వరం మీద గీక్కుపోయినట్టు మోగింది. లాప్‌టాప్ అడుగున ఫ్యాను గోలగోలగా తిరిగింది. కాసేపటికి ఆట దానంతటదే మూసుకుపోయింది.

ప్రతిసారీ అంతే. దోర్నాల దాటితే చాలు, ఆగిపోయేది. రాత్రిళ్ళు ఆ ఘాట్‌లోకి బళ్ళని వదలరు, ఫారెస్టు వాళ్ళు గేటు వేసేస్తారు. నాయన నవ్వి, "గేటేశారమ్మా," అనేవాడు. మళ్ళీ మాచర్ల నించి మొదలుపెట్టేవాడు.

ఒక రోజు నవ్వలేదు. "దీనికి ఇంకో మెమొరీ ఎయ్యొచ్చంట గదా," అన్నాడు. "వీడియోలో చెప్పాడు. ఎనిమిది చాలదంట. పదహారు కావాలంట."

"చూస్తాలే నాయనా," అన్నాను.

*

పిడుగురాళ్ళలో స్టూడియోకి పోయినప్పుడు పక్క వీధిలో వాజిద్ అన్న షాపుకి లాప్‌టాప్ పట్టుకుపోయాను. ఆయన వెనక మూత విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపి, వేలితో చూపించాడు.

"ఇదిగో, ఈడ ఎనిమిది జీబీ ఉంది. ఈ పక్కది ఖాళీ. ఇంకో ఎనిమిది ఏస్తే హ్యాంగవటం ఆగిపోయిద్ది. పార్టు తెప్పియ్యాలి. ఇప్పుడు వీటి రేట్లు మండిపోతన్నయ్ చెల్లే. ఇది పాత బండి. రేపు బ్యాటరీ పోయిద్ది, ఎల్లుండి స్క్రీను పోయిద్ది. పెళ్ళిళ్ళ సీజనయ్యాక కొత్తది చూసుకోరాదా? నీ పని ఆగిపోతందా?"

"నా పని ఎట్టాగోట్టా నడుస్తంది."

"మరి దేనికి?"

"ఆటకి."

వాజిద్ అన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "ఆటకైతే నేను ఎయ్యమని చెప్పను. ఎవురాడేది? తమ్ముడా?"

"తమ్ముడెవరూ లేరు. మా నాయన."

ఆయనకి మా నాయన సంగతి తెలుసు. పిడుగురాళ్ళలో బళ్ళతో పనున్న వాళ్ళందరికీ తెలుసు. మూత బిగించి, లాప్‌టాప్ నా చేతికిచ్చాడు. "ఇంట్లో ఒక మాటనుకుని ఫోన్ చెయ్యి. తెప్పిస్తా," అన్నాడు.

ఇంట్లో మాటనుకోవటమే కష్టమైంది.

తలుపు వెనక ఒక పొడుగాటి సంచి ఉండేది. దాంట్లో పెట్టుడు కాలు. ఎవరి కాళ్ళు పట్టుకుని తెచ్చిందో ఏమో, అమ్మే నాలుగు చోట్ల తిరిగి తెచ్చింది. పుండు మానింది కాబట్టి రోజూ కాసేపు అది తొడుక్కుని నిలబడమని, మెల్లగా అడుగులు వేయించమని డాక్టరు చెప్పాడు. నాయన ఒకసారి తొడుక్కున్నాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. విప్పేశాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు. అమ్మ రోజూ ఆ సంచి దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది.

నేను మెమొరీ మాట ఎత్తగానే ఆమె చేతిలో చేట కింద పెట్టింది.

"ఏమే, నీకు మతుండే మాట్లాడుతున్నావా? ఇప్పటికే పొద్దస్తమానం దాని ముందు కూకుంటన్నాడు. నువ్వు ఆ మెమొరీ ఏపిచ్చావంటే ఇంక ఆ మంచం మీంచి లెగవడు. కాలు తెచ్చింది సంచిలో పెట్టుకోటానికా?"

"అదొక్కటే గదమ్మా ఆయనకి కాస్త—"

"కాస్త ఏంది? అది లారీనా? అది రోడ్డా? బొమ్మ! లేని బండిని లేని కాలుతో తోల్తంటే నువ్వు చూట్టానికి బానే ఉందేమో. నేను చూళ్ళేక చస్తన్నా." గొంతు తగ్గించింది. లోపల ఇంజను చప్పుడు నడుస్తూనే ఉంది. "నడిస్తే మనిషి మిగుల్తాడు హఫ్సా. ఇట్టాగే కూకుంటే రెండో కాలు కూడా పోయిద్దన్నాడు డాక్టరు. నీకూ చెప్పాడుగా."

చెప్పాడు. నేనూ విన్నాను. అమ్మ అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాయన అడిగినదాంట్లోనూ తప్పు లేదు. కొన్నాళ్ళు నేను ఇద్దరికీ "చూస్తాలే" అంటూ గడిపాను. వాజిద్ అన్న ఒకసారి ఫోన్ చేసి, "ఏమనుకున్నారు?" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను.

నాయన రెండోసారి అడగలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రోజూ దోర్నాల దాకా పోతున్నాడు, ఆగిపోతున్నాడు, మూసేస్తున్నాడు.

ఒక సాయంత్రం అమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గరికి పోయింది. నాయన్ని వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను.

"నాయనా, ఆ మ్యాపులో ఇన్ని రోడ్లున్నయ్. గుంటూరు పో, ఒంగోలు పో. ఆగిపోయే ఆ ఘాటే దేనికి?"

బీడీ మానేసి చాలా కాలమైనా చొక్కా జేబు తడుముకున్నాడు.

"మా పెళ్ళయిన కొత్తల్లో మీ అమ్మని ఒకసారి బండెక్కిచ్చుకుని పోయా," అన్నాడు. "నాపరాళ్ళ లోడు. ఆత్మకూరు. మీ తాత తిట్టాడు, ఆడమనిషిని లారీలో ఎక్కిచ్చుకుని పోవటం ఏందిరా అని. రోళ్ళపెంట దాటినాక ఒక మలుపుంది. ఆడ బండ సందులోంచి నీళ్ళు కారతయ్. ఊట. డ్రైవర్లందరం ఆడ ఆపి మొకాలు కడుక్కునేవోళ్ళం. ఆడ అన్నం తిందామని దింపా. మీ అమ్మ టిఫిను క్యారేజీ తీసి కింద పెట్టి, మొకం కడుక్కుందామని అటు తిరిగింది. ఇంతలో కోతులొచ్చి క్యారేజీకి క్యారేజీ ఎత్తుకుపోయినయ్."

నవ్వుతున్నాడు. కాలు తీసేశాక ఆయన పళ్ళు కనపడటం అదే మొదలు.

"నేను రాయి తీసుకుని ఎనకాల పడ్డా. కోతి చెట్టెక్కి, మూత తీసి, గోంగూర అన్నం నోట్లో పెట్టుకుంది. పులుపుకి దాని మొకం చూడాలి! ఇంక మీ అమ్మ నవ్వుద్దీ... కూలబడిపోయింది నేల మీద. నీళ్ళలో తడిచిన మొకం, ఆ నవ్వు... అట్టా నవ్వటం నేను మళ్ళా చూళ్ళా. చూట్టానికి నేను ఇంట్లో ఉంటే గదా."

మంచం నులక మీద వేలితో గీస్తూ ఉండిపోయాడు.

"మళ్ళా ఒకసారి తీసకపోదామనుకున్నా. ఈ లోడయినాక, ఆ లోడయినాక అనుకుంటా పోయా. ఇంక తీసకపోయేదేముంది? దీంట్లో అయినా చూపిద్దామని. అంతే." నా వైపు తిరిగాడు. "మీ అమ్మకి చెప్పమాక."

ఆ సాయంత్రమే వాజిద్ అన్నకి ఫోన్ చేశాను, తెప్పించమని.

అమ్మతో నా పని కోసమే వేయిస్తున్నానని చెప్పాను. ఆమె నమ్మలేదు. పార్టు వచ్చేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం కంచం ముందు పెట్టి, "తిను" అనేది. ఆ ఒక్క మాటే.

*

పార్టు వచ్చిందని కబురొచ్చిన రోజు, నేను లాప్‌టాప్ సంచిలో పెడుతుంటే నాయన అడిగాడు, "అదేస్తే పాతయ్యన్నీ పోవుగా?"

"పోవు నాయనా. ఇది ఆ మెమొరీ కాదు. దాచుకున్నయ్యన్నీ వేరేచోట ఉంటయ్."

"నిన్న దోర్నాల్లో ఆపి పెట్టుకున్న బండి?"

"ఆపిన చోటే ఉండిద్ది."

వాజిద్ అన్న నేను కూర్చున్నంతలోనే వేసిచ్చాడు. అంత చిన్న పచ్చటి ముక్క. వేలితో నొక్కితే టక్కుమని కూర్చుంది. మూత బిగించి, ఆన్ చేసి, పదహారు అని స్క్రీన్ మీద చూపించి, "మామకి సలాం చెప్పు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాయన గడ్డం చేయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. లాప్‌టాప్ స్టూలు మీద పెట్టాను. ఆయన దాన్ని ఆన్ చేయకుండా వంటింటి వైపు కేకేశాడు.

"ఏమే, ఇట్టా రా."

"పనుంది నాకు."

"పని తర్వాత. వచ్చి కూకో."

ఆ గొంతులో ఏముందో, అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మంచం మీద ఆయనకి ఎడమ పక్కన కూర్చుంది. లారీలో పక్క సీటు అటువైపే ఉంటుందని ఆమెకి తోచి కూర్చుందో, ఖాళీ అక్కడే ఉందని కూర్చుందో నాకు తెలియదు. నేను వాళ్ళ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

బండి దోర్నాల్లో ఆపిన చోటే ఉంది. స్టార్ట్ చేశాడు. ఊరు దాటింది. రోజూ బొమ్మ ఆగిపోయే చోటు వచ్చింది. ఆగలేదు. చెట్లు రెండు వైపులా జరిగి దారిచ్చినట్టు బండి మెత్తగా అడివిలోకి పోయింది.

నాయన స్పీడు తగ్గించాడు. మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు, ఆ అడివి దార్లో ఎదురొచ్చే వాళ్ళు ఎవరూ లేకపోయినా. అమ్మ మొదట గోడ గడియారం వంక చూసింది. తర్వాత బోర్డుల మీద పేర్లు చదవటం మొదలుపెట్టింది. ఆమెకి చదువు తక్కువ, కూడబలుక్కుని చదువుతుంది. "రో...ళ్ళ...పెంట," అంది. అని, తల తిప్పి నాయన వైపు చూసింది.

నాయన స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

బండి ఇంకా మెల్లగా పోయింది. ఒక మలుపు తిరిగింది. నాయన మెడ ముందుకు చాచాడు. చెట్లు. ఇంకో మలుపు. చెట్లు. ఒకే చెట్టుని మళ్ళీ మళ్ళీ పాతినట్టు, ఒకే ఎత్తు, ఒకే కొమ్మ, రోడ్డు పొడుగునా. కొండ వైపు బండ ఉంది గానీ అది గోడకి సిమెంటు పూసినట్టు నున్నగా ఉంది. సందు లేదు. తడి లేదు.

దాటిపోయాడు. ఆగాడు. అంత సన్నటి రోడ్డులో అంత పెద్ద బండిని ముందుకీ వెనక్కీ జరిపి, తిప్పాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తిప్పాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మూడోసారి ఆ మలుపు దగ్గర అమ్మ చెయ్యి చాచి స్క్రీన్ మీద వేలు పెట్టింది.

"ఆపయ్యా, ఇదే," అంది. "ఇదిగో, ఈ బండరాయే. ఈడే గదా కోతులు మన అన్నం ఎత్తుకుపోయింది."

నాయన బండి ఆపాడు. ఆమె వైపు చూశాడు.

"నీళ్ళు లేవే," అన్నాడు.

"ఎండాకాలం గదా," అంది అమ్మ. "ఎండిపోయినట్టుంది."

నాయన చాలాసేపు ఆ నున్నటి బండనే చూశాడు. "అది ఎండాకాలం కూడా ఎండదే," అన్నాడు మెల్లగా. "నేనెరగనా."

అమ్మ వేలు ఇంకా స్క్రీన్ మీదే ఉంది. ఆయన ఆ చేతిని పట్టుకుని తీసి, ఆమె ఒళ్ళో పెట్టాడు. బండిని రోడ్డు పక్కకి జరిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపేశాడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించి, నా వైపు జరిపాడు.

"నీ పనికి పనికొచ్చిద్దిలేమ్మా," అన్నాడు.

*

మర్నాడు లారీ చప్పుడు లేదు. అమ్మ టీ తెచ్చేసరికి నాయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. "ఆ సంచి ఇటియ్యి," అన్నాడు.

అమ్మ టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతిలో పెట్టింది.

మొదటి రోజు వాకిలి దాకా. తర్వాత వీధి చివరి దాకా. ఆ తర్వాత చేతికర్ర పట్టుకుని మాచర్ల రోడ్డు మీది టీ కొట్టు దాకా పోయి, బల్ల మీద కూర్చుని పోయే లారీలని చూసి, ఎండెక్కేలోపు తిరిగొచ్చేవాడు. తెలిసిన డ్రైవర్లు ఆపి పలకరించేవాళ్ళు. అమ్మ ఆయన ఇంట్లో లేనప్పుడు నా దగ్గరికొచ్చి, "చూశావా, నేను చెప్పలా?" అనేది. ఆ మాటలో గెలిచినట్టు ఉండాల్సింది గానీ ఉండేది కాదు. ఒకసారి సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని, "కాసేపు ఆ ఆట ఏసుకోరాదా?" అని అమ్మే అడిగింది.

"ఏసుకుంటాలే," అన్నాడు నాయన. వేసుకోలేదు.

నా పని మాత్రం సాఫీగా సాగింది. ఆ నెల పెళ్ళిళ్ళన్నీ అనుకున్న టైముకే ఇచ్చేశాను. స్టూడియో వాళ్ళు మెచ్చుకున్నారు.

బక్రీదు నాడు నాయన ఈద్గాకి నడిచి పోతానన్నాడు. ఆటో మాట్లాడతానంటే వద్దన్నాడు. కొత్త లుంగీ కింద పెట్టుడు కాలు కనపడకుండా, కర్ర టకటకలాడించుకుంటూ పోయాడు. కుర్చీ వేస్తామంటే వద్దని, నమాజులో నిలబడ్డంతసేపూ నిలబడ్డాడట. తిరిగొచ్చేటప్పుడు వీధిలో వాళ్ళంతా పలకరించారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ నడక చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ ఎండాకాలం మొత్తానికీ మా ఇంట్లో పండగలాగా ఉన్నది ఆ ఒక్క పూటే.

తొలకరి పడ్డాక ఒక పొద్దున బట్టలు ఉతకబోతూ అమ్మ నన్ను పిలిచింది. పెట్టుడు కాలి లోపల తొడిగే మేజోడు ఆమె చేతిలో ఉంది. లోపలి వైపు ఎండిన రక్తం, పసుపుపచ్చ మరక. వాసన.

"ఎన్నాళ్ళ నించయ్యా?" అని అడిగింది, మంచం దగ్గరికి పోయి. అరవలేదు.

నాయన తల తిప్పుకున్నాడు. "నొప్పేం లేదే," అన్నాడు.

నొప్పి ఉండదు. మాకందరికీ తెలుసు. మొదటిసారీ ఉండలేదు. మొండి అంతా ఉబ్బి నల్లబడింది. ఆ రోజే ఆస్పత్రికి పోదామన్నాం. రేపన్నాడు. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. అంబులెన్సు మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి వాన మొదలైంది.

*

గుంటూరు తీసుకుపోవటానికి నాయన్ని అంబులెన్సులో పడుకోబెట్టారు. ఒకవైపు అమ్మ, ఇంకోవైపు నేను. కిటికీ అద్దాలకి తెల్ల రంగు, బయటేమీ కనపడదు. నాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కాసేపటికి పెదాలు కదిలాయి. ఏదో కావాలంటున్నాడనుకుని వంగాను.

"పిడుగురాళ్ళ వచ్చింది," అన్నాడు. "బట్టీల వాసన."

సున్నపు బట్టీల పొగ నాకు అప్పుడు తెలిసింది.

బండి గుంటలో పడి ఎగిరింది. "అబ్బాయిని రెండో గేరులో పొమ్మను," అన్నాడు. డ్రైవరు కుర్రాడికి వినపడలేదు. నేను ముందుకి వంగి చెప్పాను. అతను గేరు తగ్గించాడు. నాయన మొహంలో ఏదో తేలికపడ్డట్టు అనిపించింది.

"కొండమోడు," అన్నాడు, బండి ఒక పక్కకి ఒరిగి తిరిగినప్పుడు.

అమ్మ ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏ ఊరొచ్చిందో కళ్ళు తెరవకుండా ఎట్లా తెలుస్తోందని నేను అడగలేదు. మలుపు తెలుసు, గుంట తెలుసు, వంతెన మీద చక్రాల చప్పుడు తెలుసు. రాజుపాలెం అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. వాన పైకప్పు మీద దబదబా పడుతోంది. బండి ఆగింది. చుట్టూ హారన్లు.

"సత్తెనపల్లి," అన్నాడు. ఆ మాట సగమే బయటికొచ్చింది. మిగతా సగం పెదాల మీదే ఉండిపోయింది.

బండి కదిలింది. ఊరి గోల వెనకబడింది. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను, తర్వాతి ఊరి పేరు కోసం. అమ్మ ఆయన చేతిని వదిలి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి చూసింది. కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత ఆ చేత్తోనే ఆయన కళ్ళ మీద నిమిరి, చెవి దగ్గరికి వంగి కలిమా చదవటం మొదలుపెట్టింది.

డ్రైవరుకి మేమిద్దరం ఏమీ చెప్పలేదు. అతను సైరన్ వేసుకుని, గుంట వచ్చినచోటల్లా రెండో గేరుకి దించి, జాగ్రత్తగా పోతున్నాడు.

తలుపు సందులోంచి ఒక బోర్డు కనపడి వెనక్కి పోయింది.

"మేడికొండూరు నాయనా," అన్నాను.

అమ్మ చదవటం ఆపలేదు. నన్ను ఆపమనీ అనలేదు. వాన తగ్గింది. రోడ్డు కాస్త బాగుపడ్డట్టుంది, కుదుపులు లేవు. నేను కిందికి వంగి, ఆ సందులోంచి బయటికి చూస్తూ, వచ్చిన ప్రతి ఊరి పేరూ గట్టిగా చెబుతూ పోయాను.

"పేరేచర్ల వచ్చింది నాయనా. ఇంకెంతో దూరం లేదు."